ఆర్గ్యుమెంట్లు ఎక్కడ పెట్టాలి: 1983 నాటి పంచాయితీ

నియమాలు రాసిస్తే జవాబు తానే వెతికే ప్రోలాగ్ లాంటి ప్రోగ్రామింగ్ భాషకి ఒక చిన్న వర్చువల్ మెషీన్ (ప్రోగ్రామ్‌ని నడిపే ఊహాత్మక యంత్రం) రాసుకుందామని ఎవరైనా అంటే చాలు, మళ్లీ అదే గొడవ. ముందు వామ్ (ప్రోలాగ్‌కి బాగా పేరున్న మెషీన్ డిజైన్) నేర్చుకో, అది రాకుండా దిగొద్దు అని ఒక వర్గం. మొదటిసారికి అంత అక్కర్లేదు అని ఇంకో వర్గం. 1972లో మార్సెయ్‌లో ప్రోలాగ్ పుట్టిన కథ అందరికీ తెలిసిందే, అక్కడికి వెళ్లను. ఈ తగువుకి మూలం 1983లో ఉంది.

ఆ ఏడాది డేవిడ్ వారెన్ ఎస్‌ఆర్‌ఐ అనే పరిశోధన సంస్థ నుంచి ఒక టెక్నికల్ నోట్ వెలువరించారు. వారెన్ అబ్‌స్ట్రాక్ట్ మెషీన్, అంటే వామ్, అదే. అందులో ప్రెడికేట్‌ని, అంటే ప్రోలాగ్‌లో ఫంక్షన్ లాంటిదాన్ని, పిలిచే ముందు ఆర్గ్యుమెంట్లు (దానికి ఇచ్చే విలువలు) రిజిస్టర్లలోకి, అంటే మెషీన్‌లోని తాత్కాలిక గళ్లలోకి, వెళ్లాలి. అదే ఏడాది బోవెన్, బర్డ్, క్లాక్సిన్ ఆ రిజిస్టర్ల జోలికే పోకుండా, పిలవబోయే ప్రెడికేట్ ఫ్రేమ్‌లోనే (ఆ పిలుపు కోసం మెమరీలో కేటాయించిన చోట్లోనే) ఆర్గ్యుమెంట్లను నేరుగా రాసేశారు. దాని పేరు జిప్. నా దృష్టిలో మిగతా తేడాలన్నీ దీని వెనకే వస్తాయి.

వామ్ వేగం నిజమే. రెండు లిస్టులను కలిపే అపెండ్‌లో రెండో క్లాజు (ప్రెడికేట్‌లోని ఒక నియమం) వామ్‌లో 7 ఇన్‌స్ట్రక్షన్లలో అయిపోతుంది, ఎందుకంటే రెండో ఆర్గ్యుమెంట్ ఉన్న రిజిస్టర్‌ని అసలు ముట్టుకోనక్కర్లేదు. జిప్‌లో అదే క్లాజుకి 15 పడతాయి. కానీ జిప్ మొత్తానికి ఉన్న ఇన్‌స్ట్రక్షన్ రకాలే ఏడు: కాన్‌స్ట్, వార్, ఫంక్టర్, పాప్, ఎంటర్, కాల్, ఎగ్జిట్. ఎంటర్ అంటే క్లాజు తలకీ బాడీకీ (షరతుల భాగానికీ) మధ్య గీత; దానికి ముందు వచ్చే వార్ అందిన ఆర్గ్యుమెంట్‌ని సరిపోలుస్తుంది, తర్వాత వచ్చే అదే వార్ కొత్త ఆర్గ్యుమెంట్‌ని కడుతుంది. క్లాజుని ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతే కోడ్ దానంతటదే పడుతుంది, కంపైలర్ ఒక సాయంత్రం పని.

వామ్‌లో అలా కుదరదు. పి ఆఫ్ ఎక్స్, వై నిజం కావాలంటే క్యూ ఆఫ్ వై, ఎక్స్ నిజం కావాలి అనే క్లాజు తీసుకోండి, మొదటి రిజిస్టర్‌లో వై పెట్టగానే ఎక్స్ పోతుంది, కాబట్టి ముందే దాన్ని ఇంకోచోట దాచాలి, ఎక్కడ దాచాలో కంపైలర్ లెక్క వేయాలి. బాడీలో గోల్స్ (వరసగా నిజం కావాల్సిన పిలుపులు) రెండు మూడు అయితే ఏ వేరియబుల్ తాత్కాలికం, ఏది శాశ్వతం, ఏది అన్‌సేఫ్ (ఫ్రేమ్ పోయాక కూడా దాన్నే చూపిస్తూ మిగిలిపోయే ప్రమాదం ఉన్నది) అని తేల్చాలి. కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. పైగా చాయిస్ పాయింట్ (ఇది కుదరకపోతే వెనక్కి వచ్చి ఇంకో క్లాజు చూడాలనే గుర్తు) పెట్టిన ప్రతిసారీ ఆర్గ్యుమెంట్ రిజిస్టర్లన్నీ దాచుకోవాలి. జిప్‌లో అవి ఎలాగూ ఫ్రేమ్‌లో ఉన్నాయి, బ్యాక్‌ట్రాక్ అయితే, అంటే అలా వెనక్కి వస్తే, ట్రెయిల్ (ఏ వేరియబుల్‌కి విలువ పెట్టామో రాసుకున్న చిట్టా) చూసి బైండింగులు, అంటే ఆ విలువలు, తీసేస్తే చాలు.

మరి వామ్ ఎందుకు గెలిచింది? నా ఉద్దేశంలో, 1991లో హసన్ ఐట్-కాసి దాన్ని మెట్టు మెట్టుగా కట్టి చూపిస్తూ పుస్తకం రాశారు, అందరూ అదే చదివారు. జిప్‌కి ఆ అదృష్టం పట్టలేదు.

అయినా 1987లో యాన్ వీలెమేకర్ మొదలుపెట్టిన ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్ జిప్ మీదే నిలబడింది. లాస్ట్ కాల్ ఆప్టిమైజేషన్‌కి (చివరి పిలుపుకి కొత్త ఫ్రేమ్ వేయకుండా పాతదాన్నే వాడుకోవడానికి) రిజిస్టర్లు తప్పనిసరి అనే వాదన అక్కడ నిలవలేదు, కొత్త ఆర్గ్యుమెంట్లను పాత ఫ్రేమ్ మీదకి కాపీ చేస్తారు, అంతే. ఇన్‌స్ట్రక్షన్లు ఏడు దాటి ఎప్పుడో పెరిగిపోయాయి, ఆర్గ్యుమెంట్లు మాత్రం ఇప్పటికీ ఫ్రేమ్‌లోనే ఉన్నాయి.