డోలమైట్ ఎలా పుడుతుంది? తెగని వాదన వెనక కథ

డోలమైట్ పుట్టుక వెనక ఉన్నవి సూక్ష్మజీవులా, ఆటుపోట్లా అన్న వాదన మళ్లీ రేగింది. ఫెర్రో అల్లాయ్ ఫర్నేసుల్లో మాంగనీసు ఖనిజంతో పాటు వేసే రాయి ఇదే కాబట్టి గరివిడి, చీపురుపల్లి వైపు ఈ పేరు కొత్త కాదు. 1791లో ఫ్రెంచి శాస్త్రవేత్త డొలొమియు దాన్ని వర్ణించిన దగ్గర్నుంచి చెప్పుకుంటూ రానక్కర్లేదు. అసలు మలుపు 1998.

ఆ ఏడాది అమెరికా శాస్త్రవేత్త లింటన్ లాండ్ తన వైఫల్యాన్నే పరిశోధనా పత్రంగా ప్రచురించారు. డోలమైట్ పేరుకోవడానికి చాలినదానికన్నా వెయ్యి రెట్లు సంతృప్తమైన ద్రావణాన్ని 25 డిగ్రీల దగ్గర 32 ఏళ్లు ఉంచారు. డోలమైట్ రాలేదు. పాత కొండల్లో గుట్టలుగా ఉన్న రాయి నేటి సముద్రాల్లో ఎందుకు అంత అరుదో అప్పటికి ఎవరికీ అంతుపట్టలేదు. డోలమైట్‌కు కావలసిన కాల్షియం, మెగ్నీషియం, కార్బొనేట్ మూడూ సముద్రపు నీళ్లలో ఉన్నాయి కదా!

అంతకు మూడేళ్ల ముందే బ్రెజిల్‌లోని ఒక ఉప్పు మడుగు బురదలో డోలమైట్ చూసినవాళ్లు అది బాక్టీరియా పని అన్నారు. కానీ ల్యాబుల్లో బాక్టీరియాతో తయారైన పదార్థంలో చాలాసార్లు పొరల క్రమం సరిగా లేదు.

ఆ క్రమమే కీలకం. డోలమైట్‌లో ఒక పొర కాల్షియం, ఒక పొర మెగ్నీషియం ఉండాలి. నీళ్లు కదలకుండా ఉంటే రెండూ కలగాపులగంగా అతుక్కుని, పైపొర పెరగకుండా అడ్డుపడతాయి. నీటి గాఢత తగ్గితే ముందు కరిగేవి ఇలా తప్పుచోట కూర్చున్నవే. మళ్లీ చిక్కబడినప్పుడు కొత్తవి సరైన చోట చేరతాయి. 2023లో మిచిగన్, హొక్కైడో విశ్వవిద్యాలయాల బృందం ఎలక్ట్రాన్ పుంజంతో రెండు గంటల్లో 4,000 సార్లు ఇలా కరిగిస్తే స్ఫటికం దాదాపు 300 పొరలు పెరిగింది. అంతకుముందు ల్యాబుల్లో ఐదు పొరలు దాటిందే లేదు.

ఒడ్డున ఆటుపోట్లు, వానలు తెచ్చే ఈ హెచ్చుతగ్గులు ఎలా ఉంటాయో చూడాలంటే శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మడులకు వెళ్లొచ్చు. ఎండకు ముందు కార్బొనేట్, తర్వాత జిప్సం, ఆపైన ఉప్పు దిగుతాయి. మెగ్నీషియం మిగిలిన చేదు నీళ్లలో ఉండిపోతుంది. వాన పడితే అంతా పలచన. నౌపడలో డోలమైట్ పుడుతోందని నేను అనడం లేదు. అయితే నేడు డోలమైట్ కనిపిస్తున్న చోట్లు చాలావరకు ఇలా తడిసి ఆరే తీరాలే.

భూమి లోతున వేడి ఎక్కువ. అక్కడ మెగ్నీషియం నీళ్లు ఇంకి సున్నపురాయి డోలమైట్‌గా మారడంలో ఇంత చిక్కు లేదు. తగాదా అంతా ఒడ్డున, మామూలు వేడిలో పుట్టే రాయి గురించే. లాండ్ ద్రావణం 32 ఏళ్లూ చిక్కగానే ఉంది, ఒక్కసారీ పలచబడలేదు. బాక్టీరియా వర్గం ముందుగా జవాబు చెప్పాల్సింది దీనికే.