రాలీలో ఒక తాళం చెవి

చి. పిల్లలిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. నానమ్మ మోకాళ్ళ నొప్పి మాత్రం అలాగే ఉంది. పోయిన ఆదివారం ఫోన్‌లో పెద్దది "నేను హిస్టరీ చదువుతా" అనగానే మీ నాన్న మొహం మాడ్చుకుని, "అది చదివి ఏం చేస్తావ్?" అన్నాడు. ముప్పయ్యేళ్ళు సోషల్ పాఠాలు చెప్పిన వాణ్ణి నేను ఎదురుగా ఉండగానే! అప్పుడు నోరెత్తలేదు. అందుకే ఇప్పుడీ ఉత్తరం.

మీరుండే డర్హమ్‌లోనే 2009లో కన్నుమూసిన జాన్ హోప్ ఫ్రాంక్లిన్ అనే ఆయన ఉండేవారు. అమెరికాలో నల్లవాళ్ళ చరిత్ర రాసినవాళ్ళలో చాలా పెద్దాయన. 1915లో ఓక్లహోమాలోని రెంటీస్‌విల్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. అది నల్లవాళ్ళే కట్టుకున్న ఊరు. తండ్రి లాయరు, తల్లి టీచరు. ఒకసారి తల్లి పిల్లల్ని తీసుకుని రైలెక్కి, తెల్లవాళ్ళ పెట్టెలో కూర్చుంది. ఆ నేరానికి రైలు ఆపి, అడవి మధ్యలో దింపేశారు. ఏడుస్తూ ఇంటికి నడిచిన ఆ పిల్లవాడికి అప్పటికి ఆరేళ్ళు.

అంతకుముందే తండ్రి ప్రాక్టీసు కోసం అదే రాష్ట్రంలోని టల్సా నగరానికి వెళ్ళారు. ఇంకొద్ది రోజుల్లో తల్లీపిల్లలు కూడా వెళ్ళాలి. 1921 మే 31 రాత్రి తెల్లవాళ్ళ గుంపులు అక్కడి గ్రీన్‌వుడ్ అనే నల్లవాళ్ళ పేటను తగలబెట్టడం మొదలుపెట్టాయి. మర్నాటికి పేట బూడిద. తండ్రి ఆఫీసూ కాలిపోయింది. ఆయన ఒక గుడారం వేసుకుని, అందులోనే కూర్చుని, ఇళ్ళు పోయినవాళ్ళ కేసులు వాదించారు. కుటుంబం మళ్ళీ ఒకచోట చేరడానికి నాలుగేళ్ళు పట్టింది.

ఫ్రాంక్లిన్ కూడా తండ్రిలాగే లాయరు కావాలనుకున్నారు. నాష్‌విల్‌లోని ఫిస్క్ యూనివర్సిటీలో థియొడోర్ కరియర్ అనే తెల్ల ప్రొఫెసరు పాఠాలు విని చరిత్రలోకి మళ్ళారు. హార్వర్డ్‌కి వెళ్ళడానికి డబ్బు లేకపోతే ఆ మాస్టారే బ్యాంకులో 500 డాలర్లు అప్పు తెచ్చి చేతిలో పెట్టారు. (మీ నాన్నకి ఈ పేరా రెండుసార్లు చదివి వినిపించండి.)

అసలు చెప్పాలనుకున్నది మీ నార్త్ కరొలైనా రాష్ట్ర రాజధాని రాలీ సంగతి. 1939లో డాక్టరేట్ పని మీద ఆయన అక్కడి రాష్ట్ర ఆర్కైవ్స్‌కి వెళ్ళారు. ఆర్కైవ్స్ అంటే మన తాలూకాఫీసు రికార్డు గది లాంటిదే, చాలా పెద్దది. అధికారి ఇబ్బందిగా చూసి, ఈ భవనం కట్టేటప్పుడు ఒక నల్లవాడు వచ్చి ఇక్కడ చదువుతాడని ఎవరికీ తోచలేదు, ఒక వారం ఆగండి అన్నాడట. ఈయన జవాబు చెప్పకుండా చూస్తూ ఉండిపోయారు. చివరికి బేరం అరవారానికి దిగింది. తిరిగొచ్చేసరికి విడిగా ఒక గది, అందులో ఒక బల్ల. కాగితాలు తెచ్చిపెట్టే తెల్ల కుర్రాళ్ళు నల్లవాడికి అందించరు కాబట్టి, రికార్డులు ఉన్న గది తాళంచెవి ఈయన చేతికే ఇచ్చేశారు! తమని లోపలికి రానివ్వరు, ఇతన్ని రానిస్తారా అని తెల్ల పరిశోధకులు గోల చేశారు. రెండు వారాలకి తాళంచెవి వెనక్కి తీసుకుని, అందరిలాగే ఈయనకీ కాగితాలు తెచ్చిపెట్టమని కుర్రాళ్ళకి చెప్పారు.

ఇది చదివి మొదట నవ్వాను. తర్వాత మా చిన్నప్పటి హోటళ్ళలో కొందరికి విడిగా పెట్టిన గ్లాసులు గుర్తొచ్చి నవ్వాగిపోయింది.

ఆ గదిలో ఆయన వెతికింది బానిసత్వం రోజుల్లోనే బానిసలు కాకుండా బతికిన నల్లవాళ్ళ గురించి. 1860 నాటికి ఒక్క నార్త్ కరొలైనాలోనే 30 వేల మందికి పైగా ఉండేవాళ్ళు. కొందరికి పొలాలుండేవి, పన్నులు కట్టేవాళ్ళు. అయినా 1835లో వాళ్ళ ఓటుహక్కు తీసేశారు. జనాభా లెక్కలు, అర్జీలు, కోర్టు కాగితాలు ఒక్కొక్కటీ తిరగేస్తే గానీ ఇలాంటి మనుషులు దొరకరు. అమెరికా నల్లవాళ్ళ మొత్తం చరిత్ర మీద 1947లో వేసిన ఆయన పెద్ద పుస్తకం, 'ఫ్రమ్ స్లేవరీ టు ఫ్రీడమ్', 30 లక్షల పైచిలుకు ప్రతులు అమ్ముడుపోయింది.

చదివి ఏం చేస్తారంటే, ఇదిగో. నల్లపిల్లలకి వేరే బళ్ళు పెట్టడం న్యాయమా అన్న కేసులో, చట్టం అందరినీ సమానంగా కాపాడాలన్న 1868 నాటి రాజ్యాంగ సవరణ రాసినవాళ్ళు ఏం ఉద్దేశించారో తేల్చమని 1953లో సుప్రీంకోర్టు లాయర్లని అడిగింది. అది ఒక్క లాయర్ల వల్లే అయ్యే పని కాదు. నల్లపిల్లల తరఫున వాదిస్తున్న లాయరు థర్‌గుడ్ మార్షల్ చరిత్రకారుల్ని పిలిచారు. వాషింగ్టన్‌లో పాఠాలు చెబుతున్న ఫ్రాంక్లిన్ వారాంతాల్లో న్యూయార్క్ వెళ్ళి పనిచేశారు. 1954 మే 17న తీర్పొచ్చింది, వేరు బళ్ళు చెల్లవని. ఆ పౌరహక్కుల పోరాటం ఊపులోనే 1965లో వలస చట్టం మారింది. మన తెలుగువాళ్ళు వేలల్లో అక్కడికి రావడానికి దారి తెరుచుకుంది అప్పుడే. మీ నాన్న వీసా వెనక కూడా ఆ కథ ఉంది.

అంత పేరొచ్చాక ఆయన్ని గౌరవంగా చూశారనుకుంటారేమో. 1995లో దేశాధ్యక్షుడి చేతుల మీదుగా అత్యున్నత పౌర పురస్కారం అందుకోవాల్సి ఉంటే, ముందురోజు రాత్రి ఫ్రాంక్లినే ఇచ్చిన విందులో ఒకావిడ ఆయన్ని నౌకరనుకుని కోటు టోకెన్ చేతిలో పెట్టి, నా కోటు తెచ్చిపెట్టు అంది. అప్పుడాయనకి ఎనభై ఏళ్ళు. యూనిఫాంలో ఉన్నవాళ్ళకివ్వండి, తెచ్చిపెడతారు అన్నారట. ఇంకెవరైనా అయితే రెండు దులిపేవాళ్ళు. నేనైతే తప్పకుండా.

రాలీ మీకు కారులో అరగంట. సెలవుల్లో ఒకరోజు ఆ ఆర్కైవ్స్‌కి వెళ్ళండి. పాత కాగితం ఏదో ఒకటి అడిగి తెప్పించుకుని చూడండి. ఎవరు తెచ్చిచ్చారు, ఎంతసేపు పట్టింది, కాగితం ఎలా ఉంది, అన్నీ నాకు రాయండి. వాట్సాప్‌లో కాదు, ఉత్తరంలో.

మీ
తాతయ్య