చేతుల్లో పెరిగిన పుంజు ఎందుకు మీదికొస్తుంది? అపోహలు - వాస్తవాలు

తిరుపతి గంగమ్మ జాతర అయిన నాలుగైదు నెలలకు, కోళ్లు పెంచే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, పుంజుకు పిచ్చి పట్టినట్టుండాది. పాప మీదికి ఎగిరెగిరి వస్తా ఉంది. మొన్నటిదాకా ఒళ్లోనే పండుకునేది." టౌన్లో అపార్టుమెంటు వాళ్లయినా, పాకాల పక్క పల్లె వాళ్లయినా ఇదే మాట.

జాతరలో, సంతల్లో, వీధుల్లో గులాబీ, ఆకుపచ్చ రంగులేసి అమ్మే కోడిపిల్లలు చాలావరకు పుంజులే. గుడ్ల కోళ్ల హ్యాచరీల్లో పెట్టల్ని ఉంచుకుని, పుట్టిన రోజే వేరు చేసేసిన మగ కోడిపిల్లలవి. ఎన్నో కొద్దిరోజులకే చచ్చిపోతాయి. బతికిన ఒక్కటీ అట్టపెట్టెలో, పిల్లల ఒళ్లో పెరుగుతుంది.

అపోహ: చిన్నప్పటి నుంచి చేత్తో మేపి ముద్దు చేస్తే, పుంజు పెద్దయినా మచ్చికగానే ఉంటుంది.

వాస్తవం: పెట్ట అయితే ఉంటుంది. పుంజు చాలాసార్లు ఎదురు తిరుగుతుంది. మందలో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది కోళ్లు పొడుచుకుని తేల్చుకుంటాయి. మందలో పెరిగే పుంజుపిల్లకు పెద్ద పుంజూ ముసలి పెట్టలూ నాలుగు పొడిచి హద్దు నేర్పుతాయి. మనిషంటే దానికి వేరే జీవి, కాస్త భయం. ఒంటరిగా మన దగ్గర పెరిగినదానికి ఆ భయమే ఉండదు, మనమే దాని మంద. మూడో నెల దాటేసరికి జుట్టు ఎర్రబడి, బొంగురు గొంతుతో కూత మొదలవుతుంది. అయిదో నెలకు మగ హార్మోన్లు జోరు మీదుంటాయి. ఇక మందలో పెద్దరికం ఎవరిదో తేలాలి. ముందుగా దొరికేది ఇంట్లో చిన్నపిల్లలు. పిచ్చీ కాదు, పొగరూ కాదు. వయసు చేయించే పని.

ముందే గుర్తు పట్టొచ్చు. ఒక రెక్క నేలకు వాల్చి, మన కాలి చుట్టూ పక్కపక్కగా అడుగులేస్తుంది. చాలామంది డాన్సు చేస్తోందని వీడియో తీసుకుంటారు. పెట్ట ముందు చేస్తే సరసం, మన కాలి ముందు చేస్తే సవాలు. తర్వాత గింజ లేకపోయినా నేల పొడుస్తూ ఓరగా చూస్తుంది, మెడ ఈకలు గొడుగులా విచ్చుకుంటాయి.

అపోహ: రెండు తగిలిస్తే లొంగుతుంది.

ఈ తప్పు నేనూ చేశాను. చాలా ఏళ్ల కిందట మా ఇంట్లో ఒక ఎర్ర ఈకల డేగ పుంజు ఉండేది. మా చిన్నది దోసిట్లో రాగులు పోసుకుని మేపేది. ఒకరోజు నీళ్లతొట్టి దగ్గర ఆ పుంజే ఎగిరి, కాలిముల్లుతో పాప కంటికి వేలెడు దూరంలో గీరింది. కోపంలో చీపురు తిరగేసి బాదాను. మర్నాటి నుంచి చీపురు ఎవరి చేతిలో కనబడినా పరిగెత్తుకొచ్చి తన్నేది. మా అమ్మ వాకిలి ఊడవాలంటే భయపడింది. మనం కొడితే దాని లెక్కలో పోటీకి దిగినట్టు, పారిపోతే ఓడినట్టు.

తర్వాత పద్ధతి మార్చాను. మీదికొస్తే వెనక్కి తగ్గకుండా, కొట్టకుండా నిలబడేవాణ్ణి. అది పక్కకు తిరిగాకే నా పనిలో పడేవాణ్ణి. మళ్లీ వస్తే రెక్కలు కలిపి చంకలో పెట్టుకుని, ఒళ్లు వదులయ్యేదాకా అలాగే తిరిగేవాణ్ణి. కాళ్లు పట్టి తలకిందులుగా మాత్రం వేలాడదీయొద్దు. నెలకు నా జోలికి రావడం మానింది, పిల్లల జోలికి మానలేదు. అందుకే దానితో కలిసిన పెట్టల గుడ్లు పొదిగించలేదు. ఆ కోపం కొంత దానికి పుట్టే కోడిపిల్లలకూ వస్తుంది. చిన్నపిల్లల్ని పుంజు దగ్గర ఒంటరిగా వదలొద్దు.

ఒక తల్లి రాత్రి పూట ఫోన్ చేసి ఏడ్చింది, కోడి గీరితే రేబిస్ వస్తుందేమోనని. రాదమ్మా. అది పాలిచ్చి పెంచే జంతువుల జబ్బు, కోడి నుంచి అంటదు. సబ్బుతో, పారే నీళ్లతో బాగా కడిగి డాక్టరుకు చూపించండి, ధనుర్వాతం టీకా సంగతి అడగండి. కంటి దగ్గరైతే ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి పొండి.

మిగతావి గబగబా చెప్పేస్తా. పచ్చిమిరపకాయ పెడితే పుంజుకు కోపం పెరగదు, పక్షులకు కారమే తెలియదు. కొనదేలిన గుడ్డులో పుంజు ఉంటుందన్నదీ ఉత్తదే. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, పిల్ల మాత్రం రాదు. వేళ కాని వేళ కూస్తే అరిష్టమూ కాదు. తెల్లారి కూత దాని ఒంట్లోని గడియారం ప్రకారం వస్తుందని 2013లో జపాన్‌లోని నగోయా యూనివర్సిటీ వాళ్లు చూపించారు. మిగతా వేళల్లో వీధిలైటుకో, పక్కింటి పుంజు కూతకో బదులిస్తుంది.

అపార్టుమెంటులో ఒంటిగా ఉన్న పుంజును కోయించేయకముందు, పెట్టలున్న ఇంటికి ఇచ్చి చూడండి. ఒక పుంజుకు ఎనిమిది, పది పెట్టలు ఉండాలి. అలా టౌన్ నుంచి వచ్చిన ఒకదాన్ని, కోళ్లకు ఒకదాన్నుంచి ఒకదానికి అంటే కొక్కెర తెగులు భయంతో కొన్నాళ్లు విడిగా ఉంచి మందలో కలిపాను. మొదటి రోజే మా ముసలి పెట్ట దాని నెత్తిన పొడిచి మూలకు తరిమింది. ఇప్పుడు ఆ పుంజు పేడకుప్పలో పురుగు దొరికితే మింగదు. దాన్ని ముక్కుతో ఎత్తి, కింద పడేసి, మళ్లీ ఎత్తి, కొక్కొక్కమంటూ పెట్టల్ని పిలుస్తుంది.