'పది శాతం వరకు పర్లేదు' అన్న మాట నమ్మి పై అంతస్తు వేయకండి: అపోహలు - వాస్తవాలు

పాత ఇంటి మీద ఇంకో అంతస్తు వేసుకోవాలనో, వీధివైపు గదికి షట్టర్ పెట్టి షాపుకి ఇవ్వాలనో వచ్చేవాళ్లలో చాలామంది దగ్గర ముందే ఒక సమాధానం ఉంటుంది. మేస్త్రీ చెప్పిందో, పక్కింటివాళ్లు కట్టుకున్నది చూసి అనుకున్నదో. అందులో అందరికన్నా ఎక్కువ డబ్బు పోగొట్టే మాటతోనే మొదలుపెడతాను. ఇక్కడ రాసేవి తెలంగాణలో అమల్లో ఉన్న 2012 బిల్డింగ్ రూల్స్ (జీవో 168) లెక్కలు. ఆంధ్రప్రదేశ్‌కి 2017 రూల్స్ (జీవో 119) వేరుగా ఉన్నాయి, అక్కడివాళ్లు వాటినే చూసుకోవాలి.

అపోహ: "సెట్‌బ్యాక్‌లో పది శాతం డీవియేషన్‌కి రూల్సే ఒప్పుకుంటాయి"

ఒప్పుకోవు. సెట్‌బ్యాక్ అంటే ప్లాటు హద్దుకీ ఇంటి గోడకీ మధ్య వదలాల్సిన ఖాళీ జాగా. రూల్‌లో ఉన్నది ఇది: కట్టేశాక పొరపాటు బయటపడితే, అది పది శాతం లోపే ఉంటే, కమిషనర్ కారణాలు రాసి, జరిమానా వేసి కాంపౌండ్ చేయవచ్చు, అంటే ఆ తప్పుని జరిమానాతో సరిపెట్టవచ్చు. చేయవచ్చు అంతే, చేసి తీరాలని లేదు. ముందువైపు సెట్‌బ్యాక్‌కి అదీ వర్తించదు. జరిమానా ఎంతంటే, ఉల్లంఘించిన ఫ్లోర్ ఏరియాకి రిజిస్ట్రేషన్ శాఖ లెక్కలో ఉన్న భూమి విలువ మొత్తం, నూటికి నూరు శాతం.

150 గజాల ప్లాటు తీసుకోండి, 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు. అంటే సుమారు 125 చదరపు మీటర్లు. ఇది 100 నుంచి 200 చదరపు మీటర్ల వరసలోకి వస్తుంది: ఎత్తు 10 మీటర్ల వరకు, 12 మీటర్లు మించని రోడ్డయితే ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. మీటరులో పది శాతం ఎంత? 10 సెంటీమీటర్లు, నాలుగు అంగుళాలు. గోడకి ప్లాస్టరింగ్, మీద స్టోన్ క్లాడింగ్ వేస్తేనే అందులో సగం పైగా పోతుంది. "పది శాతం ఉందిగా" అని మీటరులో రెండడుగులు కలిపేసుకున్నవాళ్లు కాంపౌండింగ్ దరిదాపుల్లో కూడా ఉండరు.

సరిగ్గా నాలుగు అంగుళాలే జరిగిందనుకుందాం. పక్క గోడ పొడవు సుమారు 11.2 మీటర్లు. ఒక ఫ్లోర్‌కి 1.12 చదరపు మీటర్లు, మూడు ఫ్లోర్లకి కలిపి నాలుగు గజాలు. రిజిస్ట్రేషన్ విలువ గజం 30 వేలనుకుంటే 1.2 లక్షల జరిమానా, ఒక్క పక్కకే. అది కట్టి మీరు సంపాదించుకున్నది నాలుగంగుళాల గది.

గొడవ ఎక్కువగా కింద మొదలవదు, పైన మొదలవుతుంది. గ్రౌండ్ ఫ్లోర్ మార్కింగ్ ప్లాన్ ప్రకారమే వేస్తారు. మొదటి శ్లాబ్ దగ్గర మాత్రం "బాల్కనీ మూడడుగులు బయటికి లాగుదాం, పైన ఎవరు కొలుస్తారు" అన్న మాట వస్తుంది. సెట్‌బ్యాక్ నేల నుంచి ఆకాశం దాకా ఖాళీగా ఉండాల్సిన జాగా. అందులోకి 60 సెంటీమీటర్లు మించని సజ్జ తప్ప బాల్కనీ రాకూడదు, వరండా రాకూడదు, పక్క సందులో నిలబెట్టే ఇనుప మెట్లు కూడా రాకూడదు. ఆ మెట్లనే చాలామంది లెక్కలోకి తీసుకోరు.

పాత ఇళ్లకి ఇంకో చిక్కు ఉంది. ముప్పై ఏళ్ల కిందటి ఇల్లు ప్రహరీకి అడుగున్నర దూరంలోనే ఉండవచ్చు. పై అంతస్తుకి ఇప్పుడు పర్మిషన్ అడిగితే ఇప్పటి సెట్‌బ్యాక్‌లే వర్తిస్తాయి. అప్పుడు పై గోడ కింద గోడ మీద కూర్చోదు, లోపలికి జరగాలి. కింద పిల్లర్ లేని చోట బీమ్ మీద గోడ లేపాల్సి వస్తుంది. ఇది ప్లాన్ గీసేటప్పుడే స్ట్రక్చరల్ ఇంజినీర్ తేల్చాలి. ఒకటి రెండు చోట్ల పునాది పక్కన గొయ్యి తీయించి ఫుటింగ్ (పిల్లర్ కింది దిమ్మ) సైజు కళ్లారా చూడాలి, పిల్లర్ల కాంక్రీట్ గట్టిదనం తెలియడానికి రీబౌండ్ హామర్ పరీక్ష చేయించాలి. మేడ మీద వదిలేసిన చువ్వలు ఏళ్ల తరబడి ఎండకీ వానకీ తుప్పు పట్టి సన్నబడి ఉంటాయి. వాటికే కొత్త చువ్వలు కట్టి పైకి లేపేయడం ప్రమాదం.

సెట్‌బ్యాక్ ఎక్కడి నుంచి కొలవాలో కూడా చాలామందికి తెలియదు. మీ రోడ్డు ఇప్పుడు 20 అడుగులే ఉంటే, గ్రామకంఠం, పాత బస్తీలకిచ్చిన సడలింపు లేని చోట, రోడ్డు మధ్య నుంచి 4.5 మీటర్లు ముందు విస్తరణకి వదలాలి. అంటే మీ జాగాలో దాదాపు 4 అడుగుల 9 అంగుళాలు. సెట్‌బ్యాక్ ఆ తర్వాతే మొదలవుతుంది.

అపోహ: "కట్టేద్దాం, రేపు బీఆర్‌ఎస్ వస్తే రెగ్యులరైజ్ అవుతుంది"

అక్రమ కట్టడాల్ని ఫీజు కట్టించుకుని సక్రమం చేసే బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్ (బీఆర్‌ఎస్) తెలంగాణలో 2015 నవంబర్‌లో వచ్చింది. 2015 అక్టోబర్ 28 నాటికి కట్టిన వాటికే. అది కూడా హైకోర్టుకి వెళ్లి, దరఖాస్తుల మీద తుది ఉత్తర్వులకి అడ్డు పడింది. ఎప్పుడో రాబోయే స్కీమ్‌ని నమ్ముకుని ఇవాళ శ్లాబ్ వేయకండి. 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూస్తే, అక్రమ కట్టడాలకి బ్యాంకు రుణం, కరెంటు, నీళ్ల కనెక్షన్ కూడా కష్టమయ్యే దారిలో ఉన్నాం. అమ్మబోయే రోజున కొనేవాడి బ్యాంకు వాల్యూయర్ టేపు పట్టుకుని వస్తాడు.

నోటీసు అందుకుని కంటిమీద కునుకు లేకుండా వచ్చేవాళ్లు ఉంటారు. ముందు పని ఆపండి. లైసెన్స్‌డ్ ఇంజినీర్‌తో కొలిపించి, ఉన్నది ఉన్నట్టు డ్రాయింగ్ గీయించండి. నోటీసులో ఇచ్చిన గడువు దాటకుండా రాతపూర్వకంగా జవాబిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. జవాబివ్వకుండా ఊరుకుంటేనే ఎక్కువ నష్టం.

మిగతావి, క్లుప్తంగా

ఇంటి పన్ను కడుతున్నంత మాత్రాన కట్టడం సక్రమం కాదు. పర్మిషన్ లేని అంతస్తుకి పన్ను మీద నూరు శాతం పెనాల్టీ వేసి వసూలు చేస్తారు, అయినా అది అక్రమంగానే ఉంటుంది. పక్కింటివాళ్ల ఎన్‌ఓసీకి సెట్‌బ్యాక్ తగ్గించే శక్తి లేదు. మేడ మీద పెంట్‌హౌస్ రేకులతో వేసినా అంతస్తే. మెట్ల గది, నీళ్ల ట్యాంకు, లిఫ్ట్ గది వేరు. 500 చదరపు మీటర్లలోపు ప్లాటులో 10 మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణతో ఆన్‌లైన్‌లో వెంటనే అనుమతి వస్తుంది కాబట్టి ఎవరూ చూడరనుకోకండి. తర్వాత తనిఖీ ఉంటుంది, ప్రకటించింది తప్పైతే నోటీసు లేకుండానే కూల్చే అధికారం ఈ ఆన్‌లైన్ అనుమతుల చట్టం టీఎస్-బీపాస్‌లో ఉంది.

అపోహ: "నా షాపు, నా గోడ, ఎంత బోర్డయినా పెట్టుకుంటా"

ట్రేడ్ లైసెన్స్ వ్యాపారానికి, బోర్డుకి కాదు. జీహెచ్‌ఎంసీకి 2020 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 68 ప్రకారం నేల నుంచి 15 అడుగుల ఎత్తు దాటి ప్రకటన బోర్డు ఉండకూడదు, మిణుకుమిణుకుమనే లైట్లు కూడదు. ఎత్తు దాటితే జరిమానా రోజుకి లక్ష. పేరు బోర్డుకి షాపు ముందు భాగంలో 15 శాతమే హద్దు. 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న షాపుకి 18 చదరపు అడుగులు, అంటే 9 అడుగుల పొడవు, 2 అడుగుల ఎత్తు బోర్డు. ఫస్ట్ ఫ్లోర్‌లో ట్యూషన్ సెంటరో క్లినిక్కో పెట్టేవాళ్లు మెట్ల మొదట్లో, కింద గోడకి పెట్టుకుంటే ఎత్తు సమస్య రాదు.

చిన్న షాపులవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఉచిత బోర్డు దగ్గర. కూల్‌డ్రింక్ కంపెనీవాళ్లు వచ్చి తమ గుర్తు పెద్దగా, మీ పేరు మూలన చిన్నగా ఉన్న గ్లో సైన్ బిగించి వెళ్తారు. మీ పేరు మాత్రమే ఉంటే అది నేమ్‌బోర్డు. కంపెనీ సరుకు కనిపిస్తే ప్రకటన, దానికి ఫీజు ఉంటుంది, చలానా మీ షాపు పేరు మీదే వస్తుంది. బిగించనిచ్చే ముందే ఫీజు ఎవరు కడతారో కంపెనీ దగ్గర రాయించుకోండి. పేరు తెలుగులో పైన, మిగతా భాషల్లో దాని కింద ఉండాలన్నది షాపుల చట్టం రూల్, కాబట్టి డిజైన్ ప్రింటుకి పంపకముందే ఆ వరస సరిచూసుకోండి.