లైబ్రరీ మూశారుగా, ఇక మీకేం పని? కరోనా నాటి అపోహలు - వాస్తవాలు

2020 మార్చిలో మా యూనివర్సిటీ లైబ్రరీకి తాళం పడ్డప్పటి నుంచి ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో. నిజానికి అంత పని అంతకుముందెప్పుడూ చేయలేదు.

అపోహ: ఈ-బుక్ ఒక్కటుంటే చాలు, ఎంతమందైనా చదువుకోవచ్చు.

వాస్తవం: మేం ఎక్కువ తిట్లు తిన్నది దీనికే. అచ్చు పుస్తకం కొంటే అది లైబ్రరీ సొత్తు. ఈ-బుక్ విషయంలో చాలాసార్లు చేతికొచ్చేది లైసెన్సే. ఒకసారికి ఒక్కరే, లేదా ముగ్గురే తెరవగలిగే లైసెన్సులు ఉంటాయి. పరీక్ష ముందు రాత్రి క్లాసంతా ఒకే పుస్తకం మీద పడితే మొదటివాళ్లకు తెరుచుకుంటుంది, మిగతావాళ్లు మాకు మెయిళ్లు పెడతారు. ఇక చాలా పాఠ్యపుస్తకాలను ప్రచురణకర్తలు లైబ్రరీలకు ఈ-బుక్‌గా అమ్మనే అమ్మరు.

స్కాన్ చేసి పెట్టుకున్నవాటికీ హద్దులున్నాయి. లైబ్రరీలు స్కాన్ చేసిన పుస్తకాల ఉమ్మడి డిజిటల్ భాండాగారం హాతిట్రస్ట్ అప్పట్లో నడిపిన అత్యవసర సేవలో సభ్య లైబ్రరీకి ఎన్ని అచ్చు ప్రతులుంటే ఒకేసారి అంతమందికే అనుమతి ఉండేది. స్కాన్ పుస్తకాలను ఆన్‌లైన్‌లో అరువిచ్చే ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 మార్చి 24న వెయిటింగ్ లిస్టులు ఎత్తేసింది, అంటే ఒకే పుస్తకాన్ని ఒకేసారి ఎక్కువమంది తీసుకోవచ్చు. జూన్ 1న ప్రచురణకర్తలు దావా వేశారు, 16 కల్లా ఆ ఏర్పాటు ముగిసింది.

అపోహ: పుస్తకం ముట్టుకుంటే కరోనా వస్తుంది, శానిటైజర్‌తో తుడిచి ఇవ్వాలి.

వాస్తవం: మొదట్లో మేమూ భయపడ్డాం. తిరిగొచ్చిన పుస్తకాలను మూడు రోజులు పక్కన పెట్టేవాళ్లం. అమెరికాలో లైబ్రరీల కోసం జరిగిన రియల్మ్ అనే పరిశోధన ప్రాజెక్టు పరీక్షల్లో ఒకదానిమీద ఒకటి పేర్చిన పుస్తకాల వంటి వాటిపై ఆరు రోజులకు కూడా వైరస్ కనిపించింది, దాంతో కంగారు పెరిగింది. అయితే వైరస్ ఆనవాలు కనిపించడం వేరు, దానివల్ల జబ్బు రావడం వేరు. అంటుకున్న వస్తువును ఒకసారి తాకితే సోకే అవకాశం పదివేలలో ఒకటి కన్నా తక్కువని 2021 ఏప్రిల్‌లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెప్పింది. శానిటైజర్ వల్ల మాత్రం నష్టం ఖాయం: అట్ట రంగు వెలుస్తుంది, కాగితం ఉబ్బుతుంది. ఒకరు శుభ్రంగా పేజీ పేజీ తడిగుడ్డతో తుడిచి మరీ తెచ్చిచ్చారు. ఏమనగలం!

అపోహ: పుట్టుకతోనే ఫోన్ పట్టిన పిల్లలకు సమాచారం వెతకడం నేర్పాలా?

వాస్తవం: వెతకడం వాళ్లకు వచ్చు. దొరికిన వ్యాసం ఇంకా చెల్లుతుందా, వెనక్కి తీసుకున్నారా అని చూసుకోవడం రాదు, అధ్యాపకుల్లో కూడా కొందరికి రాదు. కరోనాకు వాడి చూసిన హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు మీద లాన్సెట్ అనే వైద్య పత్రికలో 2020 మే 22న ఒక వ్యాసం వచ్చింది. మూల డేటాను సరిచూసుకునే వీల్లేదంటూ నలుగురు రచయితల్లో ముగ్గురు జూన్ 4న దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఈలోపు డౌన్‌లోడ్ చేసుకున్న పీడీఎఫ్ మీద వెనక్కి తీసుకున్నారన్న ముద్ర ఎలా ఉంటుంది? అందుకే ఉదహరించే ముందు డీఓఐ లింకు (వ్యాసానికి ఉండే శాశ్వత గుర్తింపు లింకు) మళ్లీ తెరవమని, ప్రీప్రింట్ (పత్రికలో అచ్చు కాకముందే ఆన్‌లైన్‌లో పెట్టిన వ్యాసం) అయితే తోటి నిపుణుల సమీక్ష ఇంకా జరగలేదని గుర్తుంచుకోమని ప్రతి ఆన్‌లైన్ క్లాసులో చెప్పేవాణ్ణి.

అపోహ: చదువే ఆన్‌లైన్ అయ్యాక రీడింగ్ హాలు దేనికి?

వాస్తవం: మళ్లీ తెరిచిన రోజు అన్నిటికన్నా ముందు నిండినవి ప్లగ్ పాయింట్ల పక్క కుర్చీలు.