తమ్ముడి చెవిలో నీళ్లెక్కడివి?

చిరంజీవి అమ్ములుకి తాతయ్య ఆశీస్సులు.

తమ్ముడికి జలుబు చేసినప్పుడల్లా చెవిపోటు వస్తోందనీ, ఇప్పుడేమో డాక్టరు చెవిలో నీళ్లున్నాయన్నారనీ రాశావు. నానమ్మ తలంటినప్పుడు పోయిన నీళ్లేనా అని అడిగావు. కావు. నానమ్మను ఎవరూ ఏమీ అనకండి. బయటి నీళ్లు కర్ణభేరి దగ్గరే ఆగిపోతాయి. వాడి నీళ్లు దానికి అవతల ఉన్నాయి.

భేరి వెనక గాలి నిండిన చిన్న గది ఉంటుంది. అందులో పట్టేది చెంచాడు కూడా కాదు. మూడు ఎముకలు అక్కడే ఒకదానికొకటి తగులుకుని ఉంటాయి. చివరిది సుమారు 3 మిల్లీమీటర్లు, ఒంట్లోకెల్లా చిన్న ఎముక. భేరి అదిరితే ఇవి అదిరి శబ్దాన్ని లోపలికి అందిస్తాయి.

ఆ గదిని మీ స్నానాల గది అనుకో. మేస్త్రీ నేలకు వాటం సరిగా ఇస్తే నీళ్లు తూము వైపు జారిపోతాయి. వాటం తప్పిందా, మూలన నిలుస్తాయి. చెవి గదికీ తూము ఉంది, ముక్కు వెనక్కి దిగుతుంది. యూస్టేషియన్ నాళం అంటారు. పెద్దవాళ్లలో అది సుమారు 35 మిల్లీమీటర్ల పొడవు, 45 డిగ్రీల వాటం. పసివాళ్లలో పొడవు అందులో సగం, వాటం 10 డిగ్రీలే. పొట్టి తూము కనుక ముక్కులోని క్రిములు ఇట్టే పైకెక్కుతాయి. జలుబుకి వాచినా, పక్కనున్న అడినాయిడ్లు, అంటే ముక్కు వెనకుండే మెత్తటి కండ ముద్దలు, ఉబ్బినా మూసుకుపోతుంది. తల ఎదిగేకొద్దీ వాటం దానంతటదే కుదురుతుంది. ఏ మేస్త్రీకి చేతనవుతుంది చెప్పు!

ఒక్కచోట మాత్రం నా స్నానాల గది పనికిరాదు. మామూలప్పుడు చెవి తూము మూసే ఉంటుంది. మింగినప్పుడు, ఆవలించినప్పుడు క్షణం తెరుచుకుని గాలిని లోపలికి పంపుతుంది. అది ఆగిపోతే లోపలి గాలిని గది పొరే పీల్చేసుకుంటుంది. తర్వాత గోడలే నీరూరుస్తాయి. రోజులు గడిస్తే ఆ నీరు జిగురుగా చిక్కబడుతుంది, ఎముకలు సరిగా కదలవు.

అందుకే పిలిస్తే పలకడు. మొండితనం కాదమ్మా. వినికిడి సగటున 25 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. కుక్క మొరిగితే తిరుగుతాడు కాబట్టి బాగానే వినిపిస్తోందనుకుంటారు. జారిపోయేవి స, త, ప లాంటి సన్నని హల్లులు, మెల్లగా అన్న మాటలు. మాటలు నేర్చే వయసులో అదే చిక్కు. వెనక గదిలోంచి కేకేయకు. టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, మొహం కనిపించేలా మాట్లాడు.

చాలామందికి మూడు నెలల్లోపే ఇంకిపోతుంది. డాక్టరు ఆగి చూద్దామన్నది అందుకే. నిలిచిన ఈ నీటికి యాంటీబయాటిక్కులూ జలుబు మందులూ పనిచేయవు. మూడు నెలలు దాటినా రెండు చెవుల్లోనూ ఉండి, వినికిడి తగ్గే ఉంటే, మత్తిచ్చి భేరికి చిన్న గాటు పెట్టి, ద్రవం లాగేసి, గ్రామెట్ అనే బుల్లి గొట్టం అమరుస్తారు. తూము చేయాల్సిన గాలి పని అది చేస్తుంది. సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాదిలో ఊడిపడుతుంది.

మా కాలంలో చెవిపోటంటే వెల్లుల్లి కాచిన నూనె పోసేవారు, పిన్నీసుతో గుబిలి తీసేవారు. రెండూ వద్దు. భేరికి చిల్లి పడి ఉంటే ఆ నూనె లోపలికే పోతుంది. చీము కారినా, చెవి వెనక వాచినా, జ్వరంతో మగతగా పడుకున్నా వెంటనే తీసుకెళ్లమను. వాణ్ణి పడుకోబెట్టి సీసా పాలు పట్టొద్దని అమ్మకు చెప్పు. ఇంట్లో సిగరెట్టు వద్దని బాబాయికి గట్టిగానే చెప్పు, పొగ పసివాళ్ల చెవులకూ చేటే. టీకా కార్డు తీసి, చెవికీ ఊపిరితిత్తులకూ సోకే న్యూమోకాకస్ క్రిమిని అడ్డుకునే న్యూమోకాకల్ టీకా 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు పడిందో లేదో చూడు.

ఈసారి ఆసుపత్రికి నువ్వూ వెళ్లు. తమ్ముడి చెవిలో మెత్తటి బిరడా పెట్టి గాలి ఒత్తిడి మారుస్తారు, నొప్పేమీ ఉండదు. టింపనోమెట్రీ అంటారు. భేరి బాగా కదిలితే యంత్రం గీసే గీత మధ్యలో పైకి లేస్తుంది, వెనక నీళ్లుంటే చదునుగా సాగుతుంది. రెండు చెవుల గీతలూ చూసి, అవెలా ఉన్నాయో బొమ్మ గీసి నాకు పంపు.

మీ తాతయ్య