బలారోవా కింద నీళ్లు: ఒక కాలనీ ఎందుకు మునిగిపోయింది?

ఇండోనేషియాలోని సులవేసి దీవిలో పాలు అనే నగరం ఉంది. ఆ పేరు మనలో ఎవరైనా విన్నారంటే 2018 సెప్టెంబర్ 28 వల్లే విని ఉంటారు. ఆ సాయంత్రం 7.5 తీవ్రతతో భూకంపం వచ్చింది, నిమిషాల్లోనే సునామీ వచ్చింది. టీవీల్లో అందరం చూసింది సముద్రాన్ని, అఖాతం ఒడ్డున కుప్పకూలిన పసుపు వంతెనని. అయితే అలలు చేరనే చేరని పేటలు కూడా ఆ సాయంత్రం కనపడకుండా పోయాయి. వాటిలో బలారోవా ఒకటి. ఏళ్ల పాటు అక్కడి వాళ్లను వదలని గొడవ ఇదే: ఆ నేల మీద ఇళ్లు కట్టనిచ్చింది ఎవరు, ఇప్పుడు ఎక్కడ కట్టాలి, లోయలోని పొలాలకు నీళ్లిచ్చే కాలువలో నీళ్లు మళ్లీ వదలాలా వద్దా. ఇది అర్థం కావాలంటే వందేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

బలారోవా నగరానికి పడమటి వైపు, తీరానికి కాస్త లోపల ఉండేది. 1980ల్లో ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ పెరుమ్నాస్ అక్కడ కాలనీ వేసింది. మధ్యతరగతి వాళ్లు, చిరుద్యోగులు వాయిదాల మీద సొంత ఇల్లు అనిపించుకునేందుకు కట్టే కాలనీ అది, మన హౌసింగ్ బోర్డు కాలనీల్లాంటిదే. పెద్దగా గోల ఉండని చోటు. ఆ శుక్రవారం సాయంత్రం 6 గంటల 2 నిమిషాలకు, మగ్రిబ్ నమాజు వేళ భూమి ఊగింది. కాసేపటికే కాళ్ల కింద నేల గట్టిదనం పోయింది. కొన్ని ఇళ్లు లోపలికి దిగిపోయాయి, కొన్ని చోట్ల నేల పైకి లేచి వీధులు ముక్కలై ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. నగరానికి తూర్పు వైపున్న పెటోబోలో ఇంకా పెద్ద విధ్వంసం, 180 హెక్టార్ల నేల ఇళ్లతో చెట్లతో సహా బురదలా కదిలి వందల మీటర్లు జారిపోయింది. అది కొండవాలు కూడా కాదు, నడిచేవాడికి వాలు ఉందని తెలియనంత చదును.

సముద్రం ఒడ్డున తడి ఇసుక మీద కాలితో గబగబా తొక్కితే నీరు పైకి వచ్చి ఇసుక మెత్తబడి పాదం దిగిపోతుంది కదా, జరిగింది అదే, ఊరంత మేర. వదులుగా ఉన్న ఇసుక నేలలో రేణువుల మధ్య నీరు నిండి ఉన్నప్పుడు భూకంపం గట్టిగా కుదిపితే, రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండలేవు, బరువంతా నీటి మీద పడుతుంది, నేల కాసేపు ద్రవంలా ప్రవర్తిస్తుంది. కాబట్టి కుదుపు, ఇసుక, నీళ్లు మూడూ కలవాలి. పాలు లోయలో మొదటి రెండింటికీ కొదవ లేదు. లోయ పొడవునా పాలు–కోరో అనే భూభ్రంశం, అంటే భూమి పొరల్లోని పెద్ద పగులు, సాగుతుంది, దానికి అటూ ఇటూ ఉన్న నేలలు ఏడాదికి దాదాపు 4 సెంటీమీటర్ల చొప్పున ఒకదాన్ని దాటి ఒకటి జరుగుతున్నాయి. అటూ ఇటూ ఉన్న కొండల నుంచి వాగులు తెచ్చి పోసిన ఇసుక, గులకరాళ్లు, ఒండ్రే ఆ లోయ నేల.

మరి నీళ్లు? ఇక్కడే నాకు ఆశ్చర్యం వేసింది. పాలు లోయ ఇండోనేషియాలోనే బాగా తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఒకటి. వరి పండాలంటే నీళ్లు తేవాల్సిందే. అందుకే 20వ శతాబ్దం తొలి ఏళ్లలో, డచ్ వాళ్ల పాలనలో, తూర్పు అంచు వెంట గుంబాసా కాలువ తవ్వారు. కాలువకు పైన మెట్ట, కింద పచ్చటి మడులు. కాలువ కింద పొలం ఉన్న వాళ్లెవరికైనా తెలిసిన సంగతే, నీళ్లు వదిలితే దిగువ బావుల్లో ఊట పైకొస్తుంది. అది వందేళ్ల పాటు జరిగింది. 2019లో శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాలు ముందు పెట్టుకుని చూస్తే, తూర్పు వైపు నేల జారిన పెటోబో, జోనో ఒగే లాంటి చోట్లన్నీ ఈ కాలువ నీళ్లు పారే భూముల్లోనే తేలాయి. భూకంపం ఎటూ ఆగేది కాదు. కానీ ఊరు ఊరంతా జారిపోవడంలో మనిషి తెచ్చి పోసిన నీటికి పెద్ద పాత్రే ఉంది.

బలారోవా ఆ కాలువ కింద లేదు, అవతలి వైపు ఉంది. అక్కడి నీటి కథ వేరు, ఆ కథ భాషలో దాగి ఉంది. ఈ లోయ మొదటి నుంచీ అక్కడ ఉంటున్న కైలీ జనులది, వాళ్ల భాష పేరూ కైలీయే. కాలనీ వేసిన చోటికి పాత పేరు తగారి లొంజో. లొంజో అంటే కాలు దిగబడే బురదనేల అని పెద్దలు చెబుతారు, మన మాటల్లో ఊబి. భూమి మనుషుల్ని బురదలోకి లాక్కోవడానికి కైలీలో నలోదో అని ఒక మాటే ఉంది. సునామీకి బొంబతలు అంటారు, మూడు అలలు అని అర్థం. అనుభవం లేకుండా అలాంటి మాటలు పుట్టవు. 1927 డిసెంబర్‌లో పాలు అఖాతంలో భూకంపం, సునామీ వచ్చాయి. 1938లో, 1968లో మళ్లీ ఆ చుట్టుపక్కలే. ఊబి అని పేరున్న చోటికి మన ఊళ్లలో పశువుల్ని కూడా తోలరు, అలాంటి చోట కాలనీ ప్లాన్ గీసేటప్పుడు ఆ పేరుకు అర్థమేంటని ఒక్కరైనా అడిగి ఉంటే బాగుండేదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అడిగే తీరిక ఊరికి లేకపోయింది. 1964లో మధ్య సులవేసి కొత్త ప్రావిన్సుగా ఏర్పడి పాలు దానికి రాజధాని అయింది. ఆఫీసులు, వాటి వెనక ఉద్యోగులు, వాళ్లకు ఇళ్లు. 2018 నాటికి జనాభా మూడున్నర లక్షలు దాటింది. చదునుగా, చవగ్గా దొరికిన నేలల్లో కాలనీలు లేచాయి. బయటి నుంచి వచ్చిన వాళ్లకు కైలీ పేర్ల అర్థం తెలియదు, తెలిసిన ముసలివాళ్లను ఎవరూ సంప్రదించలేదు. సైన్సు కూడా మాట్లాడకుండా ఊరుకోలేదు. పాలు ప్రాంతంలో నేల ఇలా ద్రవంగా మారే ప్రమాదం ఉందని 2012లోనే దేశ భూగర్భ సంస్థ నివేదిక ఇచ్చింది. అప్పటికే కాలనీలు నిండిపోయి ఉన్నాయి.

మొత్తం విపత్తులో చనిపోయిన వాళ్లు, ఆచూకీ లేని వాళ్లు కలిపి 4,300 మందికి పైనే. అక్టోబర్ 12న గాలింపు ఆపేశారు. బలారోవా, పెటోబోల్లో మట్టి కిందే చాలామంది ఉండిపోయారు. ఆ నేలల్ని రెడ్ జోన్ అన్నారు, ఇక ఎవరూ ఇల్లు కట్టకూడదు. బతికిన వాళ్లు ముందు గుడారాల్లో, తర్వాత చెక్క బ్యారక్‌ల్లాంటి తాత్కాలిక ఇళ్లలో, ఆ తర్వాత తోందో, దుయు లాంటి చోట్ల కట్టిన 36 చదరపు మీటర్ల శాశ్వత ఇళ్లలోకి విడతల వారీగా మారారు. కొందరికి ఏళ్లు పట్టింది. పెటోబో వాళ్లు చాలామంది తోందో వెళ్లం అన్నారు. పని, బంధువులు, అయినవాళ్ల సమాధి లాంటి ఆ నేల, అన్నీ ఇక్కడే ఉంటే అంత దూరం ఎలా పోతాం అన్నది వాళ్ల మాట, అందులో తప్పేముంది? చివరికి పెటోబోలోనే రెడ్ జోన్‌కు బయట కొన్ని ఇళ్లు కట్టాల్సి వచ్చింది. ఇంకో సంగతి, దుయు అంటే కైలీలో నేల జారడం అట. పేరు వినగానే కొంతమందికి టెన్షన్ పట్టుకోవడంలో వింతేమీ లేదు.

ఇక మిగిలింది కాలువ. భూకంపానికి గుంబాసా తెగిపోయి, పక్కనున్న సిగి జిల్లా రైతులకు నీళ్లు ఆగిపోయాయి. వరి వేసేవాళ్లు మొక్కజొన్న వేసుకున్నారు, కొందరు కూలికి పోయారు. ప్రభుత్వం దశలవారీగా కాలువ బాగుచేసే పని పెట్టుకుంది. నీళ్లు లేకపోతే రైతుకు బతుకు లేదు, మడుల్లో నీళ్లు నిలవ కట్టినకొద్దీ కింద ఇసుకలోకి ఊట దిగుతుంది. తక్కువ నీటితో పండే పంటలు వేయాలని, కాలువకు లైనింగ్ గట్టిగా ఉండాలని, దిగువ బావుల మట్టం ఎప్పటికప్పుడు కొలవాలని చెప్పిన వాళ్లున్నారు. సిగి రైతు మాత్రం ముందు తూము వైపు చూశాడు.